వియ్యంకుణ్ని కాగితాలు అడుగుతారా?

సొన్నప్ప మామకు ఈ లోకంలో పరాయివాళ్ళు లేరు. ఉన్నా ఐదు నిమిషాల కంటే ఎక్కువ సేపు ఉండరు. ఆయన ఎదుట పడిన ఏ మనిషైనా సరే, ఆరో నిమిషానికి బావో, మరదలో, మేనల్లుడో, పిన్నమ్మో అయిపోవలసిందే. తప్పించుకోవడానికి ఒకటే దారి, తన ఊరి పేరు చెప్పకపోవడం. చెప్పారా, అయిపోయారు.

"ఏ ఊరప్పా మీది?" అని ఒకసారి గ్యాసు సిలిండరు తెచ్చినతన్ని అడిగాడు.

"మాలూరు సార్."

"మాలూరా! అక్కడ మా పెద్దమ్మ తోడికోడలి తమ్ముడు ఉండాడే, రాగి మిల్లు పెట్టుకొని. తెలుసునా?"

"తెలీదు సార్."

"తెలీకపోతే ఏమి, ఒకే ఊరు కదా. ఆయనకు నువ్వు తమ్ముని లెక్క. అట్లయితే నాకు..."

ఇక్కడ మామ కళ్ళు మూసుకుంటాడు. బొటనవేలు మిగతా వేళ్ళ కణుపుల మీద నడుస్తుంది. ఆ మూసిన రెప్పల వెనక మూడు తాలూకాలు, నాలుగు తరాలు, నూరు పెళ్ళిపందిళ్ళు మెల్లగా తిరుగుతున్నట్టు మనకు కూడా కనిపిస్తుంది. తర్వాత కళ్ళు తెరుస్తాడు, తెల్లవారినట్టు.

"బావ అవుతావప్పా! వరస కలిసింది."

సిలిండరు బావ ఆ రోజు మా ఇంట్లో ఉప్పిట్టు తిని, కాఫీ తాగి వెళ్ళాడు. క్రెడిట్ కార్డు కావాలా అని ఫోను చేసిన అమ్మాయి నలభై నిమిషాల తర్వాత "ఉంటాను పెదనాన్నా" అని పెట్టేసింది. కార్డు మాట ఇద్దరికీ గుర్తు లేదు.

ఇంతవరకైతే ముచ్చటే. చిక్కంతా వరస కలిసిన తర్వాత. ఆయనకు వరస అంటే పిలుపు కాదు, చట్టం. బావను ఏడిపించాలి. అల్లుడికి పని చెప్పకూడదు. చిన్నాయన ముందు కూర్చోకూడదు. కోడలి ముఖం చూసి మాట్లాడకూడదు. వియ్యంకుణ్ని అసలు ఏదీ అడగకూడదు. ఈ మర్యాదలన్నిటి నుంచీ మినహాయింపు ఒక్క సొంత రక్తానికే, అంటే నాకు. నేను ఆయన చెల్లెలి కూతుర్ని, భవ్యను. ఎలక్ట్రానిక్ సిటీలో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేరులో తప్పులు వెతికే ఉద్యోగం నాది. ఆనేకల్లులో మామ ఇంట్లోనే ఉంటాను. నిజమైన చుట్టాన్ని కాబట్టి నాకు మర్యాదలు దక్కవు. పనులు దక్కుతాయి.

ఏప్రిల్లో శాంతమ్మత్త క్యారియర్ల పని మొదలుపెట్టింది. ముప్పై ఏళ్ళు పట్టు మగ్గం ముందు కూర్చున్న మనిషి. మగ్గం ఆగిపోయాక రెండేళ్ళు ఖాళీ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తిరిగింది. అలాంటిది, ఎలక్ట్రానిక్ సిటీలో ఒక ఆఫీసుకు రోజూ మధ్యాహ్నం నలభై రెండు క్యారియర్లు పంపే పని వచ్చింది. రాగిముద్ద, బస్సారు, పల్యం, అన్నం. ఆఫీసువాళ్ళ ఉత్తరం మీద ఆవిడ పేరే ఉంది. తన పేరు మీద వచ్చిన మొదటి ఉత్తరం. దాన్ని దేవుడి గూట్లో పెట్టమంటే ఒప్పుకోలేదు.

"దేవునికేల? వంట చేసేది నేను కదా," అని పోపుల డబ్బా పక్కన పెట్టుకుంది.

క్యారియర్లు మొయ్యడానికి బండి కావాలి. మామ పొద్దున చందాపురకు వెళ్ళి, సాయంత్రానికి ఒక ఎర్ర కారుతో తిరిగొచ్చాడు. బాగా పాతది. ఎండకు వెలిసి వెలిసి, ఎవరో తినడం మరిచిపోయిన దానిమ్మ గింజలా ఉంది. ముందర పసుపు, కుంకుమ, నిమ్మకాయ, అన్నీ ఉన్నాయి.

"ఆర్‌సీ ఏది మామా?"

"ఏ ఆర్‌సీ?"

"బండి ఎవరి పేరు మీద ఉందో చెప్పే కార్డు."

"ఎవరిదో ఆయనే చెప్పినాడు కదమ్మా, నాదే అని. నర్సింహులు అని, పాలమూరు మనిషి. సెంట్రింగు పని. బంగారం అట్లా మనిషి."

"కాగితం ఒక్కటీ తీసుకోలేదా?"

"ఆయనే కాగితాల మాట ఎత్తబోయినాడు. నేనే నోరు మూయించినా. వియ్యంకుణ్ని కాగితాలు అడుగుతారా? ఏమైనా మర్యాదనా?"

పాలమూరుకూ ఆనేకల్లుకూ వియ్యం ఎలా కుదిరిందని అడిగాను. చాలా తేలికట. నర్సింహులుకు ఒక కూతురు, మామకు ఒక కొడుకు.

"ఆ పాప ఏం చదువుతోంది?"

"నాలుగో క్లాసు."

"మన హర్షకు ఇద్దరు పిల్లలు మామా!"

"నేను వరస గురించి చెప్తా ఉండా. పెండ్లి గురించి ఎవురు మాట్లాడినారు?"

మూడు వారాలు బండి బాగానే నడిచింది. ఆఫీసు గేటు దగ్గర కాపలా ఉండే శ్రీను మొదటి రోజే తమ్ముడయ్యాడు, గేటు దానంతట అదే తెరుచుకునేది. మే నెల పదకొండున ఆఫీసువాళ్ళు కొత్త నోటీసు పెట్టారు. లోపలికి వచ్చే ప్రతి బండికీ పాసు ఉండాలి. పాసు కావాలంటే ఆర్‌సీ చూపించాలి, లేదా దాని కోసం పెట్టుకున్న అర్జీ రసీదైనా చూపించాలి. ముప్పయ్యో తేదీలోగా ఏదీ లేకపోతే క్యారియర్ల పని వేరేవాళ్ళకు ఇచ్చేస్తారు.

శాంతమ్మత్త నోటీసు రెండుసార్లు చదివి గరిటె కింద పెట్టింది.

"మీ వరసల్తో నాకేమీ పని లేదు. నా క్యారియర్లు గేటు దాటాల," అంది మామతో. తర్వాత నాతో, "నువ్వు ఎంట పో భవ్యా. ఆయన ఒక్కడే పోతే ఆర్టీఓ ఆఫీసంతా మనింటికి భోజనానికి వస్తాది."

ముందు నర్సింహులుకు ఫోను చేశాము. సెలవులకని కూతుర్ని తీసుకొని ఊరికి వెళ్ళాడు. యోగక్షేమాలు, పాలమూరు ఎండలు, వాళ్ళ ఎద్దు కాలి నొప్పి, అన్నీ అయ్యాక మామ ఫోను నా చేతిలో పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయాడు. వియ్యంకుణ్ని అడగడం నేను చెయ్యవచ్చు, ఆయన చెవులతో వినకూడదు.

"ఆర్‌సీ యాడిదమ్మా," అన్నాడు నర్సింహులు. "రెండేండ్ల కింద వానలకు మా షెడ్డులకు నీళ్ళొచ్చినయ్. అప్పుడే వోయింది. అన్నకు చెప్పబోయిన, విననే లేదు. అండ్ల పేరు గూడ నాది కాదు. ఇస్సాకు సారుది. ఆయన తాన కొన్న."

ఇక లెక్క తేలింది. పోయిన ఆర్‌సీకి నకలు కావాలంటే, దాని మీద పేరున్న మనిషి అర్జీ మీద సంతకం పెట్టాలి. పోయిందని పోలీసు స్టేషనులో రాయించాలి. ఆ అర్జీతో పాటే పేరు మార్పుకూ పెట్టుకోవచ్చు. మామూలు మనిషికి నాలుగు రోజుల పని. మాకు పందొమ్మిది రోజులు ఉన్నాయి. చాలవేమో అని భయం వేసింది.

ఇస్సాకుగారు చందాపురలో ఫ్యాక్టరీ టైమ్‌కీపరుగా పనిచేసి రిటైరయ్యారు. డెబ్బై ఎనిమిదేళ్ళు. తలుపు తియ్యగానే మామ అడిగాడు, ఆయన ఊరు చెప్పారు, కోలారు గనులు. మామ కళ్ళు మూసి తెరిచాడు.

"చిన్నాయన అవుతారు."

చిన్నాయన అంటే తండ్రి లెక్క, ఆయన ముందు కూర్చోకూడదు. మామ గోడ పక్కన చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ఇంటికొచ్చిన మనిషి నిలబడి ఉంటే తాను కూర్చోవడం ఇస్సాకుగారికి మర్యాదగా తోచలేదు. ఆయనా లేచి నిలబడ్డారు.

"కూర్చోండి," అన్నారు ఇస్సాకుగారు.

"మీరు కూర్చోండి చిన్నాయనా."

"మీరు నిలబడితే నేనెట్ల కూర్చునేది?"

"మీరు కూర్చున్నా నేను కూర్చునేది లేదు."

మొత్తం రెండు గంటలు. మూడు కుర్చీలున్న ఆ గదిలో కూర్చున్నది నేనొక్కదాన్నే. చివరికి ఇస్సాకుగారు అర్జీని గోడకు ఆనించి, నిలబడే సంతకం పెట్టారు. "మీ మామ ఎప్పుడూ ఇంతేనా?" అని గుమ్మం దగ్గర రహస్యంగా అడిగారు. "మీరు ఊరు చెప్పకుండా ఉండాల్సింది సార్," అన్నాను.

ఆ సంతకమూ, కార్డు పోయిందని ఇస్సాకుగారు రాసిచ్చిన ఉత్తరమూ పట్టుకొని పోలీసు స్టేషనుకు వెళ్ళాము. దారి పొడవునా మామను బతిమాలాను, ఇక్కడ మాత్రం ఊరు అడగవద్దని. సరే అన్నాడు. లోపల సబ్ఇన్‌స్పెక్టరు స్పందన, నా కంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో, తలెత్తి తానే అడిగింది.

"ఏ ఊరు సార్ మీది?"

ఆమెది అత్తిబెలె. ఇంకేముంది. కోడలు.

మామ వెంటనే కుర్చీని గోడ వైపు తిప్పుకొని కూర్చున్నాడు.

"భవ్యమ్మా, ఆయమ్మకు చెప్పు, కారు ఆర్‌సీ పోయిందని."

"వినిపించింది," అంది స్పందన.

"వినిపించిందట మామా," అన్నాను నేను. ఎందుకన్నానో నాకే తెలియదు.

"ఎప్పుడు పోయింది?"

"రెండేండ్ల కిందట, వానల్లో అని చెప్పు."

"సార్, గోడకేల చెప్తా ఉండారు? ఇటు తిరగండి."

"అంత ధైర్యం లేదని చెప్పమ్మా. మా ఇంట్లో అట్లాంటి పద్ధతి లేదు."

పక్క బల్ల దగ్గరి కానిస్టేబులు టీ తాగుతూ పొలమారి బయటికి పరుగెత్తాడు. పది నిమిషాల పని గంటంబావు పట్టింది. చివర్లో స్పందన ఆ కాగితాన్ని నా చేతిలో పెట్టి, గొంతు తగ్గించి, "మామగారికి ఇవ్వండి," అంది. గోడ వైపు నుంచి మామ తృప్తిగా తలూపాడు. "చూస్తివా, ఎంత మర్యాద తెలిసిన పిల్లనో."

నాకు ఆ గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది. అప్పటికి ఇరవై రెండో తేదీ.

ఆర్టీఓ ఆఫీసులో రెండు గంటలు వరసలో నిలబడి కౌంటరు చేరుకున్నాము. కిటికీ అవతల మునిరాజు అనే గుమాస్తా. నేను అర్జీ లోపలికి తోశాను. మామ తల కూడా లోపలికి తోశాడు. సర్జాపుర, అల్లుడు, మూడే మూడు నిమిషాలు.

"భోంచేస్తివా అల్లుడా?"

"ఇంకా లేదు. ఇదొకటి చూసేస్తాను, ఇవ్వండి."

"అయ్యయ్యో! ఒంటిగంట అయితా ఉంది! ఖాళీ కడుపుతో అల్లుని దగ్గర పని చేయించుకునేదా? లే, లే. పోయి తిను."

అని ఆయన చేతిలోంచి మా అర్జీని మామ వెనక్కి లాక్కున్నాడు. లాక్కున్నాడు! నేను రెండు గంటలు నిలబడి లోపలికి పంపిన కాగితాన్ని!

భోజనం తర్వాత మళ్ళీ వరసలో నిలబడ్డాను, ఒక్కదాన్నే. మామ బయట వేపచెట్టు కింద నిద్రపోతున్నాడు. మునిరాజు ఓపికగా అన్నీ చూసి చెప్పారు. "ఒకటి తక్కువ. పోగొట్టుకున్నది ఇస్సాకు కాదు, నర్సింహులు అంటున్నారు. ఎట్ల పోయిందో అతనే నోటరీ ముందు రాసివ్వాల. అతన్ని పిలిపించండి."

ఈసారి నేనే ఫోను చేశాను. నర్సింహులు సెంట్రింగు పని మొదలయ్యేలోపు ఎలాగూ రావాలన్నాడు. ముప్పయ్యో తేదీ పొద్దున దిగుతానన్నాడు. ముప్పయ్యో తేదీ. శాంతమ్మత్త ఆ మాట విని, పోపుల డబ్బా పక్కనున్న ఉత్తరాన్ని తీసి, తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టింది. అది నేను చూడకపోయి ఉంటే బాగుండేది.

ఆ రోజు బస్సు ఆలస్యంగా వచ్చింది. నర్సింహులు, ఆయన కూతురు మౌనిక ఆర్టీఓ ఆఫీసు చేరేటప్పటికి రెండు దాటింది. మూడున్నరకు కౌంటరు మూస్తారు. ఆకాశం మబ్బు పట్టి, చవితి నాటి బంకమట్టిలా నల్లగా, తడిగా ఉంది. ఆఫీసు బయట నీలం పట్టా కింద నోటరీ బల్ల. ఆయన కళ్ళద్దాల పైనుంచి మమ్మల్ని చూశాడు.

"ఈయనేనా పోగొట్టుకున్నది? చదువు వచ్చునా?"

నర్సింహులు నోరు తెరిచేలోపే మౌనిక అంది, "మా నాయిన రోజు పేపరు సదువుతడు. టీ కొట్టు కాడ మేస్త్రీలందరికి మా నాయిననే సదివి సెప్తడు."

"అట్లయితే మంచిది. తెలుగులోనే తన చేత్తో రాయమనండి, ఎట్ల పోయిందో. కింద కన్నడంలో నేను పెడతాను. సొంత చేతిరాత అయితే ఎవరూ ఏమీ అడగరు."

నర్సింహులు పెన్ను అందుకున్నాడు. బల్ల మీద తెల్లకాగితం.

"పెన్ను ఇట్ల తే వియ్యంకా!" మామ అరిచినంత పని చేశాడు. "మా ఆడపిల్ల ఉండంగా మీరు రాసేదా? నలుగురికి తెలిస్తే నా మర్యాద ఏమి కావాల?"

అప్పటికి నాలో పందొమ్మిది రోజులుగా కాగుతున్నదంతా పొంగింది. "మామా, మూడవుతోంది! ఆయన్నే రాయమంటున్నారు. ఇవాళైనా నీ మర్యాదలు పక్కన పెట్టు! అత్త క్యారియర్లు..."

"సుమ్నే ఊరుకోమ్మే. వియ్యంకుని చేత రాయించుకున్నోడు అని నాకు పేరు రావాలనా?"

నేను విసుగ్గా నర్సింహులు వైపు తిరిగాను, ఆయనే మామకు చెప్తాడని. ఆయన నన్ను చూడటం లేదు. సిమెంటు తిని పగిలిన వేళ్ళ మధ్య పెన్ను కాగితానికి జానెడు ఎత్తులో ఆగి ఉంది. ఆ చూపు, ఎక్కడా వాకిలి లేని ఇంటి చుట్టూ తిరుగుతున్న మనిషి చూపు. పక్కన మౌనిక బల్ల అంచు మీద గడ్డం ఆనించి, నాన్న రాయబోయే మొదటి అక్షరం కోసం ఎదురుచూస్తోంది.

పట్టా మీద ఒక చినుకు పడింది.

అప్పుడు తెలిసింది నాకు. తప్పులు వెతకడమే ఉద్యోగమైన మనిషిని, ఇన్నేళ్ళుగా మామ లెక్కను తలకిందులుగా చదువుతున్నాను. ఆయన ముందు వరస కలిపి, తర్వాత మర్యాద పాటిస్తాడనుకున్నాను. కాదు. ఎదుటి మనిషి దగ్గర లేనిదేమిటో ముందు చూస్తాడు. ఏ వరసలో అయితే దాన్ని అడగకూడదో, ఆ వరస కలుపుతాడు.

"అవును నర్సింహులుగారూ," అన్నాను, పెన్ను తీసుకుంటూ. "మా ఇళ్ళల్లో వియ్యంకులు చెప్పడమే. రాసేది, చదివి వినిపించేది ఆడపిల్ల వంతు."

ఆ ఆచారం వయసు అప్పటికి నాలుగు సెకన్లు.

నోటరీ నన్నూ, మామనూ, నర్సింహులునూ, చివరికి మౌనికనూ చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఆచారం ఉంటే ఎవరేం చేసేది? రాయమ్మా. చివర్లో 'చదివి వినిపించగా విని ఒప్పుకున్నాను' అని పెట్టు."

నర్సింహులు చెప్పాడు. షెడ్డు, వాన, మోకాలి లోతు నీళ్ళు, తేలిపోయిన ట్రంకు పెట్టె. ఆ మాటల్లో వాన ఎంత చక్కగా కురిసిందంటే రాస్తూ రాస్తూ నేను తడిశాను. గబగబా చదివి వినిపించాను. ఆయన గంభీరంగా తలాడించి, ఒక్కొక్క అక్షరాన్నీ ఇటుకలా నిలబెడుతూ సంతకం చేశాడు.

కౌంటరు మూయడానికి ఇంకా పది నిమిషాలుంది. కొత్త యజమాని పేరు రాసే చోట మామ వేలు పెట్టి, "శాంతమ్మ అని రాయి. క్యారియర్లు ఆయమ్మవి కదా," అన్నాడు. మునిరాజు మమ్మల్ని చూడగానే చెయ్యి చాపారు.

"ఇవ్వండి మామా. ఇవాళ నా భోజనం అయింది."

ముద్ర పడింది. రసీదు చేతికొచ్చింది. దాన్ని ఫొటో తీసి అత్తకు పంపాను. కాసేపటికి అత్త ఫోను. వెనక పోపు చిటపటలాడుతోంది. "రేపు నలభై రెండు చేసేదే కదా?" "చేసేదే అత్తా." అంతే, పెట్టేసింది. కానీ పెట్టేసే ముందు ఒక్క క్షణం ఏదో కూనిరాగం వినిపించింది.

వానలో తిరిగి వస్తున్నాము. మామ నడుపుతున్నాడు, పక్కన నర్సింహులు, వెనక నేనూ మౌనికా. మౌనిక ఒళ్ళో వాళ్ళ నాన్న ఇచ్చిన వాంగ్మూలం జిరాక్సు. చందాపుర కన్నడ బడి పిల్ల. తెలుగు అక్షరాలంటే దానికి వేరే తలపాగాలు చుట్టుకున్న కన్నడ అక్షరాలే. వేలు పెట్టి, కూడబలుక్కుంటూ, ఒక్కో మాటే చదువుతోంది. ఒక చోట వేలు ఆగిపోయింది.

"నాయినా, అక్క తప్పు సదివింది. వాన సోమవారం వచ్చిందని సదివింది. ఈడ మంగళవారం అని రాసింది."

అద్దంలో మామ కళ్ళు నన్ను చూసి పక్కకు తప్పుకున్నాయి. వైపర్లు అటొకసారి, ఇటొకసారి తిరిగాయి.

నర్సింహులు కిటికీలోంచి వానను చూస్తూనే అన్నాడు, "సూసిన బిడ్డా."

"మరి సెప్పలే?"

"వియ్యంకులోళ్ళ పిల్ల గదా. నలుగుర్ల తప్పు వడ్తె బాగుంటదా?"

మామ ఎదురుగా ఎవరూ లేని రోడ్డు మీద గట్టిగా హారను కొట్టాడు.

మౌనిక కాసేపు ఆలోచించింది. కాగితాన్ని జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టింది. తర్వాత నా వైపు జరిగి, చాలా జాలిగా నా మోచేతి మీద చెయ్యేసింది.

"ఏం కాదక్కా," అంది. "మా నాయిన ఎవ్వరికి సెప్పడు."